క్లారీ పాస్కో అమ్మనన్న ఆరడుగుల స్లాషర్

క్లారీ పాస్కోకి ఒకే ఒక్క పిచ్చి. బలమెంతో తేలందే ఎవర్నీ బరువు ఎత్తనివ్వడు. గిప్స్‌లాండ్ కొండల్లో ట్రాక్టర్లూ వాటి పనిముట్లూ అమ్మేవాడికి ఇంతకన్నా నష్టదాయకమైన జబ్బు ఉండదని, పద్దెనిమిదేళ్లుగా ఆ దుకాణం కౌంటర్లో కూర్చుంటున్న గ్లెనిస్ అభిప్రాయం. అందరూ అమ్మడానికి దుకాణం తెరిస్తే, క్లారీ అమ్మకుండా ఉండడానికి తెరిచేవాడు.

"ఎన్ని హెచ్‌పీ?" అన్నదే ఆయన పలకరింపు. వచ్చినవాడు మేకులకొచ్చాడా, దారి అడగడానికొచ్చాడా అన్న విచక్షణ లేదు.

"ఇరవై నాలుగు" అంటాడు పాపం వచ్చినవాడు.

"అది ఇంజను మీద రాసింది. వెనక షాఫ్టుకి చేరేది ఇరవై. గడ్డి నరికే స్లాషర్‌కి అడుగు వెడల్పుకి ఐదు కావాలి. నీకు నాలుగడుగులదే. పద."

ఈ లెక్క ట్రాక్టర్లతో ఆగితే బాగుండేది. చర్చిలో పాస్టరు నలభై నిమిషాలు ప్రసంగించి చెయ్యి కలపబోతే, "వెనక బెంచీకి చేరింది పది నిమిషాలేనండీ, మిగతాది గేర్లలోనే పోయింది" అన్నాడు. మేనకోడలి పెళ్లిలో వరుడు వధువుని ఎత్తుకోబోతే అడ్డుపడి, ముందు వాళ్ల అత్తగారిని ఎత్తి చూపించమన్నాడు.

అలాంటివాడి దగ్గరికి రేలీన్ డఫీ వచ్చింది. ముప్ఫయ్యేళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరై, నిటారు కొండవాలు మీద ఆరెకరాలు కొనుక్కుంది. గడ్డి ఛాతీ ఎత్తు పెరిగింది. కార్చిచ్చుల కాలం దగ్గరపడింది, శుక్రవారంలోగా నరకాలని ఫైర్ ఇన్‌స్పెక్టర్ నోటీసిచ్చాడు. ఒంటరిగా నరికేస్తానని ఆవిడ క్లబ్బులో అందరి ముందూ శపథం చేసింది.

"ఆరడుగులది కావాలి."

"ఎన్ని హెచ్‌పీ?"

"నువ్వే కదయ్యా అమ్మావు! ఇరవై నాలుగు."

"అయితే నాలుగడుగులది."

"పక్క ఫారం డెస్‌కి ఆరడుగులది ఉంది!"

"డెస్‌కి నలభై అయిదు హెచ్‌పీ ఉంది. అంత బరువు నీ ట్రాక్టర్‌కి వెనక తగిలిస్తే, వాలు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయమ్మాయ్. ఇక స్టీరింగ్ ఎటు తిప్పినా ఒకటే."

"నలభైమంది పిల్లలతో మంచులో కొండలు దిగినదాన్ని, నాకు స్టీరింగ్ నేర్పుతావా?"

"నలభైమందా? ఆ బస్సు ఎన్ని హెచ్‌పీ?"

రేలీన్ తలుపు విసిరికొట్టి, పక్క ఊరెళ్లి ఆరడుగులదే కొనుక్కుంది.

సంగతి తెలిసి క్లారీ మధ్యాహ్నం తన మాంసం పేస్ట్రీ ముట్టలేదు. "ముక్కు లేవకుండా ట్రాక్టర్ ముందువైపు బరువులు కట్టిందా?" అని గ్లెనిస్‌ని నాలుగుసార్లు అడిగాడు. కట్టలేదు. దుకాణంలో ఉన్న ఆఖరి బరువుల్ని డెస్ పట్టుకుపోయాడు.

కొండల్లో చలి ఇంకా పోలేదు, గురువారం పొద్దున గ్లెనిస్ వచ్చేసరికి దుకాణం మంచుగడ్డలా ఉంది. గదిని వెచ్చబెట్టే ఇనప పొయ్యి లేదు. పైనుంచి పొగగొట్టం మాత్రం వేలాడుతోంది. కెటిల్ నేలమీద దిక్కులేకుండా కూర్చుంది.

"పొయ్యి ఏది క్లారీ?"

"ఈ గదికి దాని వేడి ఎక్కువైంది. తీసేశాను" అన్నాడాయన, రెండు కోట్లు తొడుక్కుని పళ్లు టకటకలాడిస్తూ.

శుక్రవారం గ్లెనిస్ రేలీన్ దగ్గరికి వెళ్లింది. చిన్న ట్రాక్టర్ వాలు ఎక్కుతోంది. దాని ముక్కుకి గొలుసులతో కట్టి ఉంది దుకాణం పొయ్యి. గుంత వచ్చినప్పుడల్లా పొయ్యి తలుపు తెరుచుకుని మూసుకుంటోంది.

"నేను క్లబ్బుకెళ్లినప్పుడు ఏ వెధవో కట్టిపోయాడే!" అంటూ రేలీన్ చీటీ చూపించింది. 'సగం వెడల్పే కొయ్యి. మొదటి గేరు. విప్పకు.' సంతకం లేదు.

"విప్పేద్దామనుకున్నా. కానీ నిన్న ఆ మలుపులో ముక్కు తేలిపోయినట్టయింది. ఇది కిందికి నొక్కి పట్టుకుంది. లేకపోతే నేను..." రేలీన్ మాట ఆపేసి పొయ్యిని తట్టింది.

"ఆరడుగులది కొని మూడడుగులు కోస్తున్నావన్నమాట. నాలుగడుగులదైతే నిన్ననే అయిపోయేది."

"ఆ ముక్క క్లారీకి చెప్పావో, చంపేస్తా."

సాయంత్రానికి గడ్డి మొత్తం పడింది. ఇన్‌స్పెక్టర్ చూసి సరేనన్నాడు, పొయ్యి గురించి అడిగే ధైర్యం చెయ్యలేదు. రేలీన్ ట్రాక్టర్ తోలుకుంటూ దుకాణం ముందుకొచ్చింది.

"క్లారీ, ఈ పొయ్యి ఎవరిదో తెలుసా?"

"నాకేం తెలుసు?"

"అయితే నేనే ఉంచుకుంటా. వచ్చే ఏడాదికీ పనికొస్తుంది."

క్లారీ వణుకుతూనే తలూపాడు. "ఉంచుకో. ఎడమవైపు గొలుసు మాత్రం కాస్త బిగించు, తొందర్లో సరిగ్గా కట్టలేకపోయా" అనేసి, నాలిక కరుచుకున్నాడు.

రేలీన్ పగలబడి నవ్వింది. గ్లెనిస్ మాత్రం ఆ చలి తగ్గేదాకా చేతితొడుగులతోనే కౌంటర్లో కూర్చుంది, ఒక్కసారి కూడా సణగలేదు.