అకీ చెట్టు తెలియని మనవడు

ఐసీ అక్క అబద్ధం చెప్పగా నేను వినలేదు. అదో గొప్ప గుణమని చెప్పడం లేదు, పక్కింట్లో ఉండి నలభై ఏళ్ళుగా నేను పడుతున్న బాధ చెబుతున్నాను. కొత్త టోపీ పెట్టుకుని చర్చికి బయల్దేరితే, "ఎల్వీరా, దాన్లో నీ మొహం ఇంకా గుండ్రంగా ఉందే" అంటుంది. అడక్కుండానే అంటుంది.

అసలు పేరు ఐసిల్డా ఫేసీ. డెబ్బై మూడేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. కర్రపెండలం తురిమి, పసరు పిండేసి, పెనం మీద రొట్టెలు కాల్చి, శుక్రవారం శుక్రవారం బ్లాక్ రివర్ సంతలో అమ్ముతుంది. ఉన్నదల్లా కొండ మీద ఎకరన్నర నేల. కాగితం ఆవిడ పేరునే ఉన్నా, అది ఆవిడ ఒక్కదానిదే కాదు, ఫేసీల వంశానిది. మా జమైకాలో అలాంటి నేల అమ్మరు. ఆ రక్తంలో పుట్టినవాడు ఏ దేశం నుంచి ఎప్పుడొచ్చినా, గది కట్టుకోమని చోటు చూపించాల్సిందే. పెరట్లో తల్లిదండ్రుల సమాధులున్నాయి. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ బొడ్డుతాడూ అక్కడే పాతి, దాని మీద ఓ చెట్టు నాటారు. ఐసీ అక్కది సీమపనస. కుర్రతనంలో పనామా ఓడెక్కి, మళ్ళీ ఒక్క ఉత్తరం కూడా రాయని అన్న యూస్టస్‌ది ఎర్రకాయలు కాసే అకీ. ఆ వంశంలో పుట్టినరోజైనా మర్చిపోతారు గానీ చెట్టు మర్చిపోరు.

లెస్టర్ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, తోలు సంచి.

"నానమ్మా! నేను యూస్టస్ మనవణ్ణి, పనామా నుంచి వచ్చాను" అని గుమ్మంలోనే కావలించుకున్నాడు.

ఐసీ అక్క ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా ఏడవని మనిషి. కొబ్బరిపాలలో చిక్కుడు గింజల అన్నం, కోడికూర పెట్టింది. నేనూ అక్కడే తింటున్నాను.

"మీ తాత తన చెట్టు సంగతి చెప్పాడా?" అని అడిగింది.

"చెప్పకపోవడమేంటి నానమ్మా! పోయేదాకా ఆ మామిడిచెట్టు మాటే."

"ఆహా" అని ఐసీ అక్క వాడి పళ్ళెంలో ఇంకో ముక్క వేసింది.

నేను ఆవిణ్ణి వంటింట్లోకి లాగాను. "అక్కా, యూస్టస్‌ది అకీ కదా!"

"తెలుసు."

"మరి?"

"ముందు తిననీ."

వాడు పది రోజులు తిన్నాడు. అబద్ధమెందుకు, పని కూడా చేశాడు. మా కొండ మీద కొళాయిల్లేవు, కింద రోడ్డు మీదున్న పంపు దగ్గర్నుంచి బిందెలు మొయ్యాలి. అవన్నీ వాడే మోశాడు. పదకొండో రోజున, ఇంటింటికీ గొట్టాలేస్తున్నారనీ, కొళాయి రావాలంటే నేల కాగితం చూపించి సంతకం పెట్టాలనీ చెప్పాడు. ఐసీ అక్క బిస్కట్ల డబ్బాలోంచి కాగితం తీసిచ్చి, వాడు చూపించిన చోట సంతకం పెట్టింది. వాడు సాయంత్రానికి వస్తానని వెళ్ళాడు.

మూడు వారాలకి సర్వేయరొచ్చాడు. టేపు పట్టుకుని సమాధుల మధ్య నడిచాడు. ఈ నేల లెస్టర్ ఫేసీకి మీరే రాసిచ్చేశారు, ఆయన హోటల్ వాళ్ళకి అమ్ముతున్నాడు, నెలాఖరుకి ఖాళీ చెయ్యండి అన్నాడు. ఐసీ అక్క ఆయనకి నిమ్మరసం ఇచ్చింది.

"సమాధులు కూడా ఖాళీ చెయ్యాలా నాయనా?" అని అడిగింది.

మేం ఫిర్యాదిస్తే పోలీసులు లెస్టర్‌ని పట్టుకున్నారు. అసలు పేరు ఆల్విన్ బరెల్, ఊరు కింగ్‌స్టన్. పనామా మొహం చూసిన పాపాన పోలేదు.

ప్రభుత్వ వకీలు మాకు తేలిగ్గా చెప్పాడు. "మనవడని నమ్మి ఇచ్చానని చెప్పండమ్మా, చాలు. నమ్మలేదన్నారో, మోసం లేదంటారు. మోసం లేకపోతే నేల పోయినట్టే."

కోర్టుకెళ్ళే బస్సులో దారి పొడుగునా నూరిపోశాను. "నమ్మానని ఒక్క మాట అను అక్కా."

"బైబిల్ మీద చెయ్యేసా?"

"అమ్మ సమాధి మీద హోటల్ కడతారే!"

కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఐసీ అక్క బోనెక్కాక, బరెల్ వకీలు అదే అడిగాడు. "మనవడని నిజంగా నమ్మారా?"

"గుమ్మంలో నమ్మాను. చెట్టు పేరు తప్పు చెప్పాక నమ్మలేదు."

నేను తల పట్టుకున్నాను. ఆ వకీలు మొహం చేటంత చేసుకుని, "మోసపోని మనిషిని మోసం చేశాడంటే ఎలా అయ్యా?" అని కూర్చున్నాడు.

జడ్జి కళ్ళద్దాలు తీశాడు. "మరి తెలిసీ ఇంట్లో ఎందుకుంచుకున్నారమ్మా?"

"అమ్మ పోయాక ఆ బల్ల దగ్గర నాతో రోజూ కూర్చుని తిన్నవాళ్ళు లేరు దొరా."

"కాగితం ఎందుకిచ్చారు?"

"కొళాయికన్నాడు, అది మాత్రం నమ్మాను. నా కళ్ళకి ఆ అక్షరాలు ఆనవు. పది రోజులు నీళ్ళు మోసి వాడి భుజం వాచింది. వాడికి కొళాయి మీద ఆశ నిజమే అనుకున్నాను."

జడ్జి చాలాసేపు రాసుకున్నాడు. చుట్టరికం సంగతి ఎలా ఉన్నా, కొళాయి మాట అబద్ధం, సంతకం దాంతోనే వచ్చింది అన్నాడు. దస్తావేజు రద్దు చేసి, బరెల్‌కి మూడేళ్ళు వేశాడు. కోర్టులో అందరి ముందూ నేను గంతేశాను, సిగ్గేమీ పడలేదు.

ఐసీ అక్క తిరుగు బస్సులో కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొండ మొదట్లో అడిగింది.

"ఎల్వీరా, అన్న ఉత్తరమే రాయనివాడు. నిజంగా వాడి మనవడొచ్చినా మామిడే అంటాడేమో కదే?"

నలభై ఏళ్ళలో ఆవిడ నన్ను అబద్ధం అడిగింది ఆ ఒక్కసారే.

"అకీ అనే అంటాడక్కా" అన్నాను.