మళ్ల షురూ చెయ్యి

నా పేరు తాటికొండ మరియమ్మ. డెబ్బై తొమ్మిదేళ్ళు. సిడ్నీలో, రౌస్ హిల్‌లో, కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాను. చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు సునీత రాస్తోంది. నా మాట దిద్దితే ఊరుకోనని ముందే చెప్పాను.

పోయిన శుక్రవారం ఆటల కొట్టు భాయ్ పోయాడని ఫోనొచ్చింది. మర్నాడు మట్టి ఇచ్చారు. ఆ మట్టి ఆరకముందే ఇంకో మాట విన్నాను. ముందుగా ఈ దేశం వచ్చిన మనవాళ్ళ గురించి తెలుగు సంఘం వేస్తున్న పుస్తకంలో ఆయనకి పేజీ లేదట. పిల్లల్ని చెడగొట్టే కొట్టు నడిపాడట. ఆ మాట నా మొహాన చెప్పమని సంఘం కార్యదర్శిని పిలిపించాను. ఎదురుగానే కూర్చున్నాడు. ఆయనా వినాలి, పుస్తకంలో వేస్తే చదివే మీరూ వినాలి.

వైటూకే అని, కంప్యూటర్లకేదో జబ్బు చేస్తుందని మన పిల్లల్ని ఇక్కడికి పిలిపించుకున్న రోజులవి. కొడుకూ కోడలూ పొద్దున పోతే దీపాలు పెట్టాక వచ్చేవాళ్ళు. నేను షాపింగ్ సెంటర్‌కి నడిచిపోయేదాన్ని. పై అంతస్తులో ఆటల కొట్టు. రంగు దీపాలు, చెవులు పగిలే మోత. కార్ల ఆట, తుపాకుల ఆట, వెలిగే పలకల మీద గెంతే ఆట. స్కూళ్ళు వదిలాక కాలు పెట్టే సందుండేది కాదు. స్కూలు వేళకి యూనిఫాంతో వచ్చినవాణ్ణి మాత్రం భాయ్ గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. చెడగొట్టాడన్నవాళ్ళు ఇది రాసుకోండి.

భాయ్‌ది హైదరాబాదు. తడిగుడ్డ భుజాన వేసుకుని మీటలు తుడుస్తూ తిరిగేవాడు. నా చీర చూసి తెలుగులో పలకరించాడు.

"నిలబడి చూస్తే ఏమొస్తదక్కా, కూసొని ఆడు."

రాళ్ళ ఆట ముందు కూర్చోబెట్టాడు. పైనించి రంగు రాళ్ళు పడుతుంటాయి, ఒక రంగువి ఒకచోట చేర్చాలి. గుంటూరు మిర్చి యార్డులో తాలు కాయలు ఏరి బతికిన చేతులు నావి. నాకా రంగులు చెప్పేది? అయినా ఓడిపోయాను. తెర మీద పెద్ద అక్షరాలొచ్చాయి. ఏంటి భాయ్ ఆ రాత అనడిగాను.

"మళ్ల షురూ చెయ్యమంటున్నదక్కా."

నమ్మాను. మళ్ళీ ఆడాను. బాగా ఆడినవాళ్ళ పేరు మూడక్షరాల్లో తెర మీద ఉంచుతుందా మిషను. నా వంతు వచ్చినప్పుడు భాయే నేర్పాడు. ఎం అంటే గుడారం. ఆర్ అంటే కాలు చాపి కూర్చున్న మనిషి. వై అంటే పంగలకర్ర. వైటూకే అని పేపర్లో పడ్డప్పుడల్లా ఆ పంగలకర్ర నాదేనని మా ఇంట్లో చూపించేదాన్ని.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు, మన పిల్లలకే అయింది. పని లేదు పొమ్మన్నారు. ఆఫీసుకని టై కట్టుకుని బయల్దేరినవాళ్ళు ఆటల కొట్టులో తేలేవాళ్ళు. ఇంట్లో చెప్పే మొహం లేదు. పాడైపోయిన కార్ల మిషను వెనక భాయ్ వాళ్ళకి కుర్చీలేసి టీ పోసేవాడు. ఎవరికీ చెప్పొద్దు భాయ్ అని ఒకాయన బతిమాలుకుంటే నేను విన్నాను.

"ఏం జెప్పాలె? ఆడుకోనీకి వచ్చినవ్, ఆడుకో."

వాళ్ళ పేర్లు ఆయన ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పను.

మా వాడి వంతూ వచ్చింది. మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చి బూట్లు విప్పకుండా వంటింట్లో కూలబడ్డాడు.

"గేమ్ ఓవర్ అమ్మా."

"అన్నం తిని మళ్ళీ మొదలుపెట్టు."

"గేమ్ ఓవర్ అంటే ఏంటో తెలుసా నీకు?"

"తెలీకేం. ఓడితే తెర మీద పడే రాతేగా, పిల్లలు అరుస్తుంటే రోజూ వింటున్నా. మళ్ళీ షురూ చెయ్యమని."

వాడు నవ్వాడు. నవ్వి నవ్వి నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. అప్పుడు చెప్పాడు అసలర్థం.

మర్నాడే పోయి భాయ్‌ని నిలదీశాను, చదువు రానిదాన్నని అబద్ధం చెబుతావా అని. ఆయన తాపీగా గుడ్డ పిండుతూ అన్నాడు:

"అబద్ధం గాదక్కా. నేను గట్లనే చదువుకున్న. లేకుంటే ఈ దేశంల ఇన్నేండ్లు ఉంటుంటినా?"

మా వాడు మళ్ళీ మొదలుపెట్టాడు. ఈ ఇల్లు అట్లా వచ్చిందే.

తర్వాత ఆటలు పిల్లల ఇళ్ళకే వచ్చాయి, ఆనక ఫోన్లలోకి దూరాయి. కొట్టులో మోత సన్నగిల్లింది. మిషన్లు ఒక్కొక్కటే పోయాయి. మూసే రోజుకి రాళ్ళ ఆట ఒక్కటే మిగిలింది. ప్లగ్గు తీస్తే దాంట్లో పేర్లు పోతాయట. నీ పేరున్నది, నువ్వే తియ్యక్కా అన్నాడు. తీసే ముందు పెన్ను చేతికిచ్చి, గోడ మీద రాయమన్నాడు. మీటలతో తప్ప నేనెప్పుడూ రాయలేదు. రాశాను. ప్లగ్గు పీకాను.

మిషను మోసుకుపోయారు. కొట్టంతా పిల్లల కాళ్ళకింద నలిగి బూడిద రంగైపోయిన కార్పెట్టు, ఆ మిషను కింద మాత్రం కొత్తగా, ఎర్రగా, కల్లంలో ఆరబోసిన మిరపపండు లాగా ఉంది. గుడ్డ భుజాన వేసుకుని భాయ్ ఆ ఎరుపు పక్కన నిలబడ్డాడు. దాని మీద కాలు పెట్టలేదు.

ఈ కాగితం కింద వేలిముద్రకని సునీత సిరా తెచ్చింది. అవతల పెట్టమన్నాను. గుడారం, కాలు చాపిన మనిషి, పంగలకర్ర.

M R Y

నేను రాస్తుంటే చూసినవాళ్ళు: కోడలు సునీత, సంఘం కార్యదర్శి రఘురాం. కుదరదని చెప్పడానికి వచ్చిన మనిషి, టైలు కట్టుకున్నవాళ్ళ మాట దగ్గర తల దించుకున్నాడు. పెన్ను నేను ఇవ్వలేదు, సాక్షి సంతకానికి ఆయనే అడిగి తీసుకున్నాడు.