మలుపులో బయటి చక్రం

“ఇది నాలుగో చార్టు. ఇంకెన్ని ఖరాబు చేస్తవే?”

“అవ్వా, జర ఊకో. రేపు పది గంటలకు నా పాఠం. నీకు కాగితాల పరేషానే గానీ నా పరేషాన్ లేదు.”

“ఎనక దిక్కు తెల్లగనే ఉంది గద. దాని మీద రాయరాదు?”

“రాసుడొస్తది! చెప్పుడొస్తలేదు!”

గద్వాలలో మా కూతురింటి వసారాలో ఒక మధ్యాహ్నం నేనూ నా మనవరాలూ ఇలా పోట్లాడుకున్నాం. ఆమె మోటారు బండ్ల చదువు చదివింది. వనపర్తిలో మెకానిక్ పని నేర్పే ఒక చిన్న బడిలో ఉద్యోగం కోసం మరునాడు పాఠం చెప్పి చూపించాలి. అప్పటికే రెండు చోట్ల ఆడపిల్లవని వద్దన్నారు. ఇది కూడా పోతే చదివినదంతా మూటగట్టి బట్టల దుకాణంలో పనికి కుదురుతానంటోంది. పాఠం పేరు టార్క్ వెక్టరింగ్. వినేవాళ్లు నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ వైపు పల్లెల పిల్లలు, తెలుగులో చదువుకున్నవాళ్లు. తను నేర్చుకున్నదేమో ఇంగ్లీషులో.

“నాకు చెప్పు. నాకు సమజైతే వాళ్లకు కూడ ఐతది,” అన్నాను.

“నీకేం సమజైతదవ్వా? నువ్వు చదివింది మూడో తరగతి.”

“మూడు కూడ సగమే. అయినా చెప్పు.”

చార్టు పక్కకు నెట్టి, విసుగ్గానే మొదలుపెట్టింది. “టార్క్ అంటే తిప్పే బలం. నేను చెప్పే తీరు కారులో ఇంజను ముందటి చక్రాలను తిప్పుతది. ఎనక చక్రాలకు ఇంజనుతోని లంకె లేదు. ఒక్కో చక్రానికి ఒక్కో కరెంటు మోటారు. నాలుగు చక్రాలూ పని చేస్తయి. మలుపు తిరిగేటప్పుడు కారులోని కంప్యూటరు బయటి చక్రానికి ఎక్కువ బలం, లోపలి చక్రానికి తక్కువ బలం పంపుతది. గట్ల పంచుడే వెక్టరింగ్.”

“పంపుడెందుకు? బయటిది ఎక్కువ దూరం పోవాలె. దాన్ని పోనిస్తే సాలదా?”

“పోనిచ్చుడు వేరు, నూకుడు వేరవ్వా! మామూలు కారు పోనిస్తది, అంతే. ఇది నూకుతది. బయటి చక్రాన్ని గట్టిగ నూకితే కారు మూతి లోపలికి తిరుగుతది. లేకుంటే జోరు మీదున్న కారు మలుపు దాటి బయటికి కొట్టుకపోతది.”

కందులు ఏరుతున్న నా చెయ్యి ఆగింది. నన్ను ఇచ్చిన ఊరు మానవపాడు దగ్గర. అంతా నల్లరేగడి. వాన పడ్డాక చేను నుంచి బండి రావాలంటే ఎద్దులు లాగితే చాలదు. మా మామ బండి మీద కూర్చుని ఎద్దులను అదిలించేవాడు. వెనక ఒక చక్రం దగ్గర నేను, ఇంకో చక్రం దగ్గర మా ఆయన. చక్రం లోపలి కర్రలను రెండు చేతులా పట్టి తోసేవాళ్లం. మలుపు వచ్చిందంటే మామ పైనుంచి అరిచేవాడు: “బయటిది నూకు! లోపలిది జర ఆగు!”

ఇదే ఆమెకు చెప్పాను. పెన్ను మూత కూడా పెట్టకుండా విన్నది.

“అవ్వా, ఎద్దులు ఇంజను! మీరిద్దరు మోటార్లు. ముత్తాతేమో కంప్యూటరు. స్టీరింగు ఎంత తిరిగింది, ఏ చక్రం జారుతుంది అని చూసి, ఎవలకెంత బలమో చెప్పేది గదే.”

“మీ కంప్యూటరు గంతగనం తిడ్తదా?”

పొద్దుటి నుంచి అప్పుడే మొదటిసారి నవ్వింది.

“మరి లోపలి మోటారు ఉత్తగనే ఉంటదా?” అని అడిగాను.

“ఒక్కోసారి చక్రాన్ని ఎనకకు గుంజి పట్టుకుంటది. అట్ల పట్టినప్పుడు కరెంటు పుట్టి బ్యాటరీలోకి పోతది.”

“దండుగ పోదా?”

“శానా మటుకు పోదు.”

ఆ కారు మీద నాకు అప్పుడు గౌరవం కలిగింది.

“మరి నువ్వు ఏ చక్రం దగ్గరుండేదానివి?”

“లోపలి దానికాడ.”

“ఎప్పుడూనా? బాట ఒక్క దిక్కే తిరుగుతదా ఏంది?”

మా చేను బాట ముందు ఎడమకు, తర్వాత కుడికి తిరిగేది. మలుపు మారినప్పుడల్లా మా ఆయన బురదలో చుట్టూ తిరిగి వచ్చి, “నువ్వు అటు పో,” అనేవాడు. నేను గయ్యిమనేదాన్ని. “ఏ చక్రమైనా చక్రమే గద! ఊకె అటిటు ఉరికి పొద్దు పోగొడ్తవ్!” ఆయన మారు మాట్లాడేవాడు కాదు. అదొక పిచ్చి అలవాటనే అనుకున్నాను. ఎక్కువ బలం పెట్టాల్సిన చక్రాన్ని ప్రతి మలుపులోనూ తను తీసుకున్నాడని ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియదు. ఆయన పోయి పదకొండేళ్లు. తిట్టిన తిట్లు వెనక్కి తీసుకుంటానని ఎవరికి చెప్పను? మనవరాలికే చెప్పాను. ఆ పిల్ల చదువు నా ఇంటి సంగతి నాకే తెలిపింది. దానికి నేను రుణపడి ఉన్నాను.

ఆమె నా పక్కన కూర్చుని, పాఠం మొత్తం తెలుగులో మొదటి నుంచి చెప్పింది. తడబడిన చోట ఆపి అడిగాను. మూడోసారికి అడగాల్సింది మిగల్లేదు.

మరునాడు పొద్దున ఏడు గంటల బస్సుకు వనపర్తి పోయింది. బోర్డు మీద ముందు ఎద్దుల బండి, దాని పక్కన కారు గీసిందట. ఎద్దులు మొరాయిస్తే ఏమవుతుందని పిల్లల్లో ఒకరు అడిగితే, ఇంజను ఆగినా బ్యాటరీ ఉన్నంతసేపు వెనక మోటార్లు కారును నడుపుతాయని చెప్పిందట. పదకొండున్నరకు ఫోన్ చేసింది. సోమవారం నుంచి రమ్మన్నారు.