వనభోజనాల్లో నడుంనొప్పి

అమెరికాలో మేముండే రాష్ట్రంలో, పార్కులో చొక్కా కింద తుపాకీ పెట్టుకుని తిరగడం నేరం కాదు. ఈ ముక్క చెబితే ఇండియాలో మావాళ్లు నోరెళ్లబెడతారు. లైసెన్సు లేకపోయినా పర్వాలేదంటారు గానీ, చేతిలో కాగితం ఉంటే తప్ప నిద్రపట్టని రకం నేను. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది ఒక శనివారమంతా క్లాసులో కూర్చుని, కాగితపు బొమ్మ మీద కాల్చి చూపించి, లైసెన్సు తెచ్చుకున్నాను. ఆ క్లాసులో ఇండియన్‌ని నేనొక్కణ్ణే. మధ్యాహ్నానికి పెరుగన్నం డబ్బా తెచ్చుకున్నవాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

లైసెన్సు ఎందుకు తెచ్చుకున్నావంటే, భయమేసి. మా ఊరు బెంటన్‌విల్‌లో మా ఇంటి వెనక రోడ్డు వెంబడి నడకదారి ఉంది. ఒక సాయంత్రం మా పాప చెయ్యి పట్టుకుని నడుస్తుంటే ఒక పికప్ ట్రక్కు మా పక్కనే, మా నడక వేగంతోనే వచ్చింది. లోపలివాడు ఏదో అరిచాడు, నాకు సగమే అర్థమైంది. పాప మాత్రం మొత్తం అర్థం చేసుకుని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మలుపు దాకా అలాగే వచ్చి వాడి దారిన వాడు పోయాడు. ఏమీ జరగలేదు. కానీ ఆ మలుపు దాకా నేనెంత పనికిమాలినవాణ్ణో నాకు తెలిసొచ్చింది.

తుపాకీ కొన్న రోజు మా ఆవిడ పెద్దగా గొడవ చేయలేదు. ఒక్కటే అడిగింది. "పిల్లలు ఆడుకునే చోటికి మాత్రం అది రాకూడదు. పాప మీద ఒట్టెయ్." వేశాను. చదువుకున్నవాళ్లం, ఒట్లేమిటని నవ్వొచ్చింది కూడా. ఆమె నవ్వలేదు.

కార్తీకమాసంలో మా ఊరి తెలుగువాళ్లం పార్కులో వనభోజనాలు పెట్టుకుంటాం. ఇక్కడ ఉసిరిచెట్టు ఎక్కడ దొరుకుతుంది? ఒకాయన గరాజ్‌లో లైటు వేసి మరీ పెంచుతున్న ఉసిరిమొక్కని కుండీతో సహా కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు పెట్టి తెస్తాడు. దానికి పసుపూ కుంకుమా పెట్టి, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, గుత్తివంకాయ వడ్డించుకుంటాం. నవంబరు చలికి పట్టుచీరల మీద జాకెట్లు.

ఆ ఏడాది నేను తుపాకీతో వెళ్లాను. మరిచిపోయి పెట్టుకున్నానని చెప్పుకోవచ్చు. మరిచిపోలేదు. అంతమందిమి ఒక్కచోట, చీరలూ పంచెలతో, రోడ్డు పక్కనే కూర్చుంటామనుకునేసరికి ఆ పికప్ గుర్తొచ్చింది. నడుముకి కుడిపక్క కొంచెం వెనగ్గా పెట్టుకుని, పైన లాల్చీ, ఆ పైన జాకెట్ వేసుకున్నాను. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకున్నాను. ఏమీ కనిపించలేదు.

కనపడకుండా ఎలా పెట్టుకోవాలో ఆ క్లాసులో చాలా చెప్పారు. వంగినప్పుడు, చెయ్యెత్తినప్పుడు, కారు దిగినప్పుడు ఏం చేయాలో అన్నీ చెప్పారు. పెద్దవాళ్ల కాళ్లకి దణ్ణం పెట్టే సంగతి పాపం వాళ్లకేం తెలుసు?

మా స్నేహితుడి తల్లి గుంటూరు నుంచి ఆర్నెల్లు ఉందామని వచ్చారు. పార్కులో అందరం వరసగా ఆవిడ కాళ్లకి దణ్ణం పెడుతున్నాం. నేనూ వంగాను. మామూలుగా తల మీద చెయ్యి పెడతారు కదా, ఆవిడ అలవాటు వేరు. వీపంతా నిమిరి దీవిస్తారు. నిమురుతూ నిమురుతూ చెయ్యి నడుము దగ్గరికొచ్చి ఆగిపోయింది. వేళ్లతో తడిమారు.

"అయ్యో నాయనా, బెల్టేసుకున్నావా! నడుంనొప్పా?" అన్నారు. "మా ఆయనా ఏళ్ల తరబడి పెట్టుకున్నాడు. అందులో రేకులుంటాయిగా, ఒరుసుకుపోయేది."

"కొంచెం ఉందండీ" అన్నాను.

అక్కడితో పోతే ఇది రాసేవాణ్ణి కాదు. ఆవిడ నేరుగా వెళ్లి, ట్రేల మీద రేకు కాగితాలు తీస్తున్న మా ఆవిడ దగ్గర ఆగారు. "ఏమ్మా, ఇంత వయసులోనే అబ్బాయికి నడుం పట్టేసిందే! అంత గట్టి బెల్టా? చెప్పనేలేదు!"

మా ఆవిడ చేతిలో కాగితం అలాగే ఉంది. నా వైపు చూసింది. నా మొహం చూశాక ఆమె అడగాల్సిందేమీ మిగల్లేదు. "అవునండీ, ఎప్పట్నుంచో ఉంది" అంది, మామూలు గొంతుతోనే. పదిమందిలో నా పరువు కాపాడింది. అప్పుడే మా పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. వనభోజనాలంటే దానికి నా వీపెక్కి ఉప్పుమూట ఆడటం. ఆ మాటనే అమెరికన్ యాసలో అరుస్తూ వచ్చి ఎగరబోయింది. వాళ్లమ్మ మధ్యలోనే రెక్క పట్టుకుని ఆపింది.

"నాన్నకి నడుము బాగాలేదు. ఇక ఎక్కకూడదు."

ఇంటికెళ్లాక తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఒట్టు నా మీద వెయ్యమని అడగలేదు నేను. పాప మీద వేశావు" అని మాత్రం అంది. ఆ సాయంత్రమే పాప హీటింగ్ ప్యాడ్ తెచ్చి నా కుర్చీలో పెట్టి, "నాన్నా, దిస్ విల్ హెల్ప్ యువర్ బ్యాక్" అంది. చెప్పుకోలేనంత సిగ్గేసింది. లేని నొప్పికి కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాను.

తగ్గిపోయిందని పాపకి చెప్పేద్దామా అని మా ఆవిణ్ణి అడిగాను. "చెప్పు. ముందు ఆ నొప్పేమిటో కూడా చెప్పు" అంది. అదే నా వల్ల కాలేదు. తుపాకీ సంగతి చెప్పాలి, ఒట్టు సంగతి చెప్పాలి, అబద్ధం సంగతీ చెప్పాలి. వచ్చే వారం చెబుదాం, సెలవుల్లో చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఎండాకాలానికి ముందే తుపాకీని ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. తీయలేదు. అయినా ఏడాదంతా పాప నా వీపు జోలికి రాలేదు. ఒకసారి చెబితే మాట మీద ఉండే పిల్ల అది. ఆ గుణం నా నుంచైతే రాలేదు.

మళ్లీ కార్తీకం వచ్చింది. అదే పార్కు, అదే కుండీ, మొక్క జానెడు ఎదిగింది. పెద్దావిడ మళ్లీ వచ్చారు. నేను వంగి దణ్ణం పెట్టాను. ఆవిడ చెయ్యి వీపంతా వెతికింది.

"బెల్టు తీసేశావే! తగ్గిందా నాయనా?"

"తగ్గిందండీ, పూర్తిగా" అన్నాను, పక్కన స్నేహితురాళ్లతో నిలబడ్డ పాపకి వినపడేలా. విందో లేదోనని లేవకుండా, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని దాని వైపు తల తిప్పాను. "ఉప్పుమూట?"

పాప స్నేహితురాళ్ల వైపు చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వింది. "నాన్నా, ఐ యామ్ ఇన్ ఫోర్త్ గ్రేడ్" అని చెప్పి, వాళ్లతో ఉయ్యాలల వైపు వెళ్లిపోయింది.

నేను అలాగే వంగి ఉన్నాను. పెద్దావిడ కంగారుగా నా నడుము మీద చెయ్యేశారు.

"ఏం నాయనా, మళ్లీ పట్టేసిందా?"