ఆరో అంతస్తు మెషీన్ ఆగిన గంటలు

ఏడో అంతస్తుకు కొత్త కాఫీ మెషీన్ వచ్చిన రోజు నీలమ్మ చూడ్డానికి వెళ్ళలేదు. చూడాలని లేక కాదు, చూడ్డానికి వచ్చిందని పైఅంతస్తు ప్యాంట్రీ చూసే కృష్ణప్రియ అనుకోవడం ఇష్టం లేక. మర్నాడు సాయంత్రం ఆ పిల్ల మియాపూర్ బస్సుకని వెళ్ళిపోయాక, ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఖాళీ చక్కెర డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.

ఒళ్ళంతా స్టీలు, ముందు అద్దంలాంటి తెర. రెండు గొట్టాలు. పొడి కలిపే రకం కాదు, పక్కన చిన్న ఫ్రిజ్‌లోంచి అసలు పాలే తీసుకుంటుంది. నీలమ్మ టీ బొమ్మ మీద వేలు పెట్టింది. కప్పు అంచుదాకా నిండి ఆగింది. ఒక్క చుక్క బయట పడలేదు. ఆమె దాన్ని తాగకుండా సింకులో పారబోసి, కప్పును చెత్తబుట్ట అడుగుకు తోసి, దిగి వచ్చేసింది.

నీలమ్మకు నలభై ఆరేళ్ళు. శంకర్‌పల్లి అవతల పుట్టింది, పెళ్ళయి బోరబండ వచ్చింది. భర్త రాజయ్య ఇళ్ళకు రంగులు వేస్తాడు. గచ్చిబౌలిలోని ఈ బిల్డింగులో చేరిన కొత్తలో రెండేళ్ళు ఆమెది బేస్‌మెంటు పని. బండ్ల పొగ, ట్యూబులైట్లు. ఎండ ఎక్కిందో దిగిందో తెలిసేది కాదు. పేరు పెట్టి పిలిచిన మనిషి లేడు. తర్వాత ఆరో అంతస్తు ప్యాంట్రీకి మార్చారు. అక్కడ ఒక కిటికీ ఉంది. కిటికీ కంటే ఎక్కువ, నూట ఇరవై మంది ఉన్నారు. పదకొండేళ్ళలో వాళ్ళలో ఎవరికి చిక్కగా కావాలో, ఎవరికి చక్కెర వద్దో ఆమెకు నోటికి వచ్చేసింది. డిజైన్ విభాగంలో రామ్మోహనరావు గారని పెద్దాయన, రిటైరవడానికి దగ్గర పడ్డవారు, పదకొండింటికి, మూడింటికి చక్కెర లేని అల్లం టీ తాగేవారు. ఆయన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినగానే ఆమె అల్లం దంచడం మొదలుపెట్టేది.

ఆమె అంతస్తు మెషీన్ ముసలిది. పాలపొడి గొట్టంలో గడ్డకట్టి, ఎర్రలైటు వెలిగి, రోజుకు రెండుసార్లయినా ఆగిపోయేది. పొద్దున్నే దాని గొట్టాన్ని సూదితో గుచ్చి శుభ్రం చేసేది నీలమ్మే. అయినా ఆగితే, పాలు వేడి చేసుకోవడానికని ఇచ్చిన కరెంటు పొయ్యి మీద గిన్నె పెట్టేది. ఐదు నిమిషాల్లో ఫ్లాస్కు నిండేది. మెషీన్ ఆగిందని చాలామందికి తెలిసేది కూడా కాదు. ఆరో అంతస్తులో టీ లేదన్న మాట ఎవరి నోటా రానివ్వలేదని ఆమెకు లోలోపల గొప్పగా ఉండేది.

ఇప్పుడు వాళ్ళే పైకి వెళ్తున్నారు. ప్యాంట్రీ పక్కనే మెట్ల తలుపు. తెరుచుకున్నప్పుడల్లా కీచుమంటుంది. నీలమ్మ తల తిప్పకుండానే ఎవరో చెప్పగలిగేది: ఈ చెప్పుల చప్పుడు నీహారికది, ఈ దగ్గు సాయిచంద్‌ది. కాసేపటికి పైనుంచి నవ్వులు. కృష్ణప్రియ ఏదో అంటుంది, వీళ్ళు నవ్వుతారు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. తణుకు నుంచి వచ్చి ఏడాదిన్నర కాలేదు. "ఏమండీ, రండి" అని సాగదీస్తుంది. ఆ సాగదీతకే పోతున్నారేమో అనుకునేది నీలమ్మ. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట ఒకసారి తనూ అని చూసింది. తన నోట్లో అది అతకలేదు.

నెల సగంలో సూపర్‌వైజర్ శేఖర్ వచ్చి ప్యాంట్రీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నీలమ్మా, వచ్చే నెల నుంచి రెండు ఫ్లోర్లకు ఒకటే ప్యాంట్రీ అంటున్నరు. మీ మెషీన్ మీటర్ల రోజుకు యాభై కప్పులు గూడ పడ్తలెవ్వు. పైన మూడు వందలు."

"నేను చేతితోని చేసి ఇస్తున్నయి?"

"అవి మీటర్ల పడ్తయా?"

"మీటర్ల పడకుంటే తాగినోళ్ళు తాగనట్టా?"

"నాతోని ఎందుకు కొట్లాట. ఈడ గూడ కొత్త మెషీన్ వస్తే రెండూ ఉంచుతమన్నరు. లేకుంటే ఒకటో తారీకు నుంచి నీకు బేస్‌మెంటు."

ఆ రోజంతా నీలమ్మ నోట్లో బండ్ల పొగ వాసన. సాయంత్రం మెషీన్ కంపెనీ టెక్నీషియన్ లోహిత్ పైఅంతస్తు నుంచి బ్యాగుతో దిగి వస్తుంటే మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఏం తమ్మీ, పైన పిల్ల నవ్వితే కొత్త మెషీన్ ఇస్తరా మీ కంపెనోళ్ళు?"

లోహిత్ బ్యాగు కింద పెట్టాడు. ముప్పై ఏళ్ళు దాటిన మనిషి, ఎప్పుడు చూసినా చొక్కా మీద కాఫీ మరకలు. "నవ్వితే ఇచ్చే పవర్ నాకుంటే, అక్కా, ఈ బ్యాగు మోసుకుంట పద్నాలుగు బిల్డింగులు ఎందుకు తిరుగుత? కాంట్రాక్టుల రాసుంది. శాన గంటలు ఆగినదాన్ని మారుస్తరు. నీది ఆగనే లేదు కద."

"ఆగలేదా? ఇయ్యాల్నే రెండుసార్లు ఆగింది."

"నాకైతే కంప్లెయింట్ టికెట్ రాలే. టికెట్ రాకుంటే ఆగనట్టే."

మర్నాడు నీలమ్మ జ్యోత్స్న దగ్గరికి టీ తీసుకెళ్ళి, కప్పు పెట్టాక కూడా అక్కడే నిలబడింది. జ్యోత్స్న కాంట్రాక్టులు చూసే విభాగంలో ఉంటుంది. వరంగల్ అమ్మాయి, ఎవరి మాటైనా పూర్తిగా వింటుంది. విన్నాక కంప్యూటర్ తెర కొంచెం నీలమ్మ వైపు తిప్పింది.

"ఇగో, జులై నుంచి లెక్క. మూడు నెలల్ల ఇరవై నాలుగు పనిగంటలు దాటి ఆగితే మెషీన్ కంపెనోళ్ళు కొత్తది పెట్టాలె. ఏడో ఫ్లోర్ది ఆగస్టు ఆఖరుకే ముప్పై ఒక్క గంట. నీది చూడు."

సున్నా. అక్షరాలు కూడబలుక్కునే నీలమ్మకు కూడా సున్నా తెలుసు.

"ఇది అబద్ధం మేడమ్."

"అబద్ధం గాదు. మెషీన్ మీద స్టిక్కర్ ఉంది కద, ఆగిన నిమిషం దాన్ని ఫోన్‌తోని స్కాన్ చెయ్యాలె. అప్పటి నుంచి గంటలు పడ్తయి. లోహిత్ వచ్చి బాగుచేసి, ఒక కప్పు మంచిగ వచ్చినప్పుడు లెక్క ఆగుతది. నువ్వు ఒక్కసారి గూడ స్కాన్ చెయ్యలే."

"చెయ్యనీకి టైమేడిది? పాలు పెట్టాలె కద."

జ్యోత్స్న తెరను ఇంకొంచెం కిందికి జరిపింది. "ఇంకొకటి ఉంది నీలమ్మా. ఇంకో తీరుగ టీ, కాఫీ అందుతుంటే మెషీన్ ఆగినట్టు లెక్కగట్టరు. రిపేరు లేటయితే వాళ్ళు ఫ్లాస్కులు పంపిస్తరు, ఆ టైము తమ మీద పడొద్దని రాయించుకున్నరు. కానీ ఎవరి ఫ్లాస్కు అని రాయలే."

"అంటే నాది గూడ."

"నీది గూడ. ఈ నెలాఖరు దాక తొమ్మిది పనిరోజులున్నయి. చూసుకో."

లిఫ్టు దగ్గర కృష్ణప్రియ ఎదురైంది. గోళ్ళకు లేత గులాబీ రంగు. "ఆంటీ, మీరూ స్కాన్ చేయాల్సిందండీ. ఎలాగో రాసిన కాగితం ప్యాంట్రీ గోడకే అంటించి ఉంటుంది కదా, నేను చదివాను."

గోడ మీది కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఆంటీ అన్న మాట ఒకటి, చదివాను అన్న మాట ఒకటి, రెండూ కలిసి నీలమ్మను బోరబండ దాకా వెంటాడాయి.

ఆ తర్వాతి రోజు పొద్దున నీలమ్మ మెషీన్ గొట్టాన్ని సూదితో గుచ్చలేదు. అది తన పని కాదని ఇన్నేళ్ళకు గుర్తొచ్చింది. పదిన్నరకు ఎర్రలైటు వెలిగింది. నీహారిక చేత ఫోనులో ఎలా స్కాన్ చేయాలో చూపించుకుని చేసింది. గిన్నె కప్‌బోర్డులో పెట్టి తలుపు మూసింది. అంతే. ఇక చేయాల్సిన పనేమీ లేదు. పదకొండేళ్ళలో ఆమె చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది అదే.

పదకొండింటికి రామ్మోహనరావు గారు వచ్చారు.

"ఇయ్యాల లేదు సారూ. మెషీన్ ఖరాబయింది."

"దానిదేముందమ్మా. నీ టీ ఉంటుందిగా?"

"లేదు సారూ."

ఆయన పొయ్యి వంక చూశారు, నీలమ్మ వంక చూశారు. ఒంట్లో బాగాలేదా అని అడిగి, లేదంటే తలూపి వెళ్ళిపోయారు. ఆయనకు అసలు సంగతి చెప్పవచ్చు. కానీ ఒకరికి చెబితే అది మెట్లెక్కుతుంది. తను కొత్త మెషీన్ కోసం గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చుందని కృష్ణప్రియకు తెలియడం ఆమెకు బేస్‌మెంటు కంటే ఘోరంగా తోచింది. మెట్ల తలుపు కీచుమంది. పైకి ఆయన వేసిన అడుగులన్నీ నీలమ్మ లెక్కపెట్టింది. ఇరవై రెండు మెట్లు.

రోజుకు రెండున్నర, మూడు గంటలు లెక్కలో పడుతూ వచ్చాయి. లోహిత్ ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేవాడు. బాగుచేసి వెళ్ళిన మర్నాటికి మెషీన్ మళ్ళీ ఆగేది. జ్యోత్స్న సాయంత్రాలు తన బల్ల దగ్గరనుంచే వేళ్ళతో చూపించేది, ఎన్ని గంటలయిందో. నీలమ్మకు బద్ధకం ఎక్కువైందని ఎవరో అన్నారు. పైన కొత్తదాన్ని చూసి అలిగింది అని సాయిచంద్ అన్నాడు. ఆ మాట నిజమే గనక ఎక్కువ మండింది.

సెప్టెంబర్ చివరి పనిరోజు పొద్దుటికి ఇరవై ఒకటిన్నర గంటలు. మెషీన్ పదకొండూ ఇరవైకి ఆగింది. నీలమ్మ స్కాన్ చేసి గోడ గడియారం చూసుకుంది. ఒకటీ యాభై దాటితే చాలు.

ఒంటిగంట దాటి పది నిమిషాలకు మెట్ల తలుపు తెరుచుకుంది. రామ్మోహనరావు గారు రెండు కాగితం కప్పులతో దిగారు. ఒకటి తెచ్చి ఆమె ముందు బల్ల మీద పెట్టారు.

"తీసుకోమ్మా. నువ్వు మాత్రం పొద్దుటి నుంచి ఏం తాగి ఉంటావు."

"నాకొద్దు సారూ."

"తెచ్చాక వద్దంటే ఎలాగ. తాగు."

ఆయన నిలబడి ఉన్నారు కాబట్టి ఒక గుక్క తాగింది. టీలో అల్లం ఉంది. పచ్చి అల్లం, అప్పుడే దంచింది.

"మెషీన్‌ల అల్లం ఏడికెల్లి వచ్చింది సారూ?"

"ఆ అమ్మాయి విడిగా దంచి వేసింది. కింద నీలమ్మగారు మీకెలా ఇచ్చేవారండీ అని అడిగింది. చెప్పాను. రేపటి నుంచి రెండు పూటలా అలాగే ఇస్తానంది."

బాగుంది ఆ టీ. బాగుండకపోతే ఆమె ఆ నలభై నిమిషాలు ఓర్చుకునేదేమో. కప్పు పక్కకు పెట్టి కప్‌బోర్డు తెరిచింది. గిన్నె తీసి పొయ్యి మీద పెట్టింది. మూడు పాలప్యాకెట్లు కత్తిరించి పోసింది. అల్లం దంచుతుంటే చప్పుడుకి నీహారిక తల ఎత్తి చూసింది. పాలు పొంగేసరికి తలుపు దగ్గర ఆరుగురు, వడగట్టేసరికి పదిహేను మంది. ఏడో అంతస్తులో కూర్చునే ఆదర్శ్ కూడా వాసనకు దిగి వచ్చి వరుసలో నిలబడ్డాడు. నీలమ్మ అతన్ని చూసి, చూడనట్టు, కప్పులు పేర్చింది.

ఒకటిన్నరకు లోహిత్ వచ్చాడు. ఆ నెలంతా ఎప్పుడూ అంత తొందరగా రాలేదు. వరుసను చూశాడు, గిన్నెను చూశాడు, ఫోనులో టైము చూశాడు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అక్కా, ఏం చేస్తున్నవ్? ఇంకో ఇరవై నిమిషాలే. అది సింకుల పారబొయ్యి. నేను కిందికి పోయి తిని రెండున్నరకు వస్త. నేనేం చూడలే."

నీలమ్మ గరిటెతో గిన్నెలో టీ తిప్పింది.

"ఈ ముసలిదాన్ని గుచ్చీ గుచ్చీ నా చేతులు పోయినయి. నీకు తెల్వదా, పోతదక్కా ఇది. మళ్ళ మూడు నెలలు. అప్పటిదాక నిన్నీడ ఉంచరు."

"ఎరుకే."

"మరి?"

వరుసలో ఆదర్శ్ నాలుగో మనిషి. ఇప్పుడు పారబోస్తే వీళ్ళంతా ఎక్కడికి వెళ్తారో ఆమెకు తెలుసు. ఇరవై రెండు మెట్లు.

"చూసింది రాసుకో తమ్మీ. ఈడ టీ దొరుకుతున్నది."

లోహిత్ ఫోనులో వేలితో ఏదో నొక్కి, బ్యాగు తెరిచి మెషీన్ వెనక్కి వెళ్ళాడు. నీలమ్మ మొదటి కప్పు నింపి, వరుసలో లేని రామ్మోహనరావు గారికి ముందు ఇచ్చింది. ఆయన ఊదుకుని తాగేదాకా రెండో కప్పులో పోయకుండా ఆగింది.

"ఎట్లుంది సారూ?"

"బాగుందమ్మా."

"పైన పిల్లది ఎక్కువ బాగుందా, ఇదా?"

ఆయన ఇంకో గుక్క తాగారు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"రెండూ బాగున్నాయమ్మా."

పైనుంచి వచ్చి అవతల ఉన్న కాగితం కప్పును నీలమ్మ తీసి, అందులో మిగిలింది సింకులో పోసింది. ఆ తర్వాత రెండో కప్పు నింపింది.