ఎవరిదీ కాని గొయ్యి

సన్యాసమ్మకి క్షమించడం చేతకాదు. నేర్చుకోమని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో నేను లేను.

ఆమె ఉండేది బెంగాల్‌లో, షాలిమార్ రైల్వే గూడ్స్ యార్డు గోడ వెనకాల ఒక సందులో. శ్రీకాకుళం నుంచి మూటలు మోయడానికి వచ్చినవాళ్ళ ఇళ్ళు అక్కడ పాతిక దాకా ఉంటాయి. సందుకి ఎడమ పక్క నేల కేంద్రానిది, కుడి పక్కది రాష్ట్రానిది. మధ్యలో మురుగు కాలువ, ఆ కాలువలో మూత లేని గొయ్యి ఒకటి. ఎడమ పక్క ఇల్లు పీకెయ్యాలంటే కేంద్రం నోటీసు వస్తుంది, కుడి పక్క ఇల్లయితే రాష్ట్రం నోటీసు వస్తుంది. గొయ్యికి మూత వెయ్యమంటే మాత్రం ఇద్దరికీ ఎక్కడలేని మర్యాద పుట్టుకొస్తుంది. అది మీ అధికారమంటే మీ అధికారమని ఒకరికొకరు దారి ఇచ్చుకుంటారు.

ఏడేళ్ళ కిందట, వానలకి సందంతా మోకాల్లోతు నీళ్ళు నిలిచిన ఒక ఉదయం, సన్యాసమ్మ భర్త గవరయ్య పనికి వెళ్తూ అందులో పడ్డాడు. జనం బయటికి లాగారు. తల పగిలింది, ఊపిరి ఉంది. భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తవలసిన మనుషులు ఆగిపోయారు. అంతకు ముందు ఏడాది, దెబ్బ తగిలిన ఒక కూలీని మోసుకెళ్ళిన పాపానికి ఇద్దరి మీద కేసు పెట్టారు. పోలీసులు వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోకూడదని సందువాళ్ళు అప్పుడే కట్టుబాటు చేసుకున్నారు. "పోలీసుల్ని రానీండి" అని సన్యాసమ్మ కూడా తన నోటితోనే అంది. ఆ మాటకి ఆమె తనని తాను కూడా క్షమించుకోలేదు.

పోలీసులు వచ్చారు, కేంద్రం వాళ్ళూ రాష్ట్రం వాళ్ళూ. మనిషి ఎవరి నేల మీద పడ్డాడో ముందు తేలాలన్నారు. టేపు తెప్పించి చెరో కొసా పట్టుకున్నారు. నలభై నిమిషాలు కొలిచారు, వాదించుకున్నారు, ఫోన్లు చేశారు. అది తేలకముందే గవరయ్య పోయాడు.

ఆమె కూతురు సుజన సాల్ట్ లేక్‌లో మా బ్యాంకు క్యాంటీన్‌లో పనిచేస్తుంది. తెలుగు చక్కగా మాట్లాడుతుంది, చదవడం రాదు. తండ్రి పోయిన మూడేళ్ళకి ఒకరోజు తల్లిని వెంటపెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సమాచార హక్కు చట్టం కింద నేనే రెండు అర్జీలు రాశాను, రెండు ఆఫీసులకీ ఒకటే ప్రశ్న. ఈ గొయ్యి ఎవరి పరిధిలోది? ఎవరో ఒకరు ఒప్పుకుంటే వాళ్ళని కోర్టుకి ఈడ్చవచ్చని నా ఆలోచన.

రెండు జవాబులూ వచ్చాయి. సంతకాలు, ముద్రలు అన్నీ ఉన్నాయి. మా పరిధిలోది కాదు, అని కేంద్రం. మా పరిధిలోది కాదు, అని రాష్ట్రం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కాగితాలు చింపి వాళ్ళ మొహాన కొట్టాలనిపించింది. సన్యాసమ్మ మాత్రం నవ్వింది.

"సింపకమ్మా సౌజన్యమ్మా," అంది. "ఇద్దరూ రాసిచ్చీసినారు గదా. ఇంకేటి కావాల?"

వారం తిరక్కుండా సందువాళ్ళ చేత ఆ గొయ్యి మీద సిమెంటు పలక వేయించింది. పలక మీద పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. మొగుడు పోయిన చోట వ్యాపారమేమిటని కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆమె లెక్కచెయ్యలేదు. ఆమె కాచుకుని కూర్చుంది.

నాలుగేళ్ళు కూర్చుంది. ఈ ఏడు యార్డు నుంచి పెద్ద రోడ్డు దాకా కొత్త దారి మంజూరైంది. శంకుస్థాపన రాయి మీద పైన ఎవరి పేరుండాలని కేంద్రం, రాష్ట్రం ఆరు నెలలు కొట్టుకున్నాయి. చివరికి పనివాళ్ళు గీసిన గీత సరిగ్గా సన్యాసమ్మ పొయ్యి మీదికే వచ్చింది. కొట్టు తీయించడానికి రెండు ఆఫీసుల నుంచీ చెరో అధికారి ఒకే పొద్దున, వానలో దిగారు. సుజన ఫోన్ చేస్తే నేను సెలవు పెట్టి పరుగెత్తాను.

"ఇది మా స్థలం, ఖాళీ చెయ్యి" అన్నాడు కేంద్రం అధికారి బెంగాలీలో. రాష్ట్రం అధికారి వెంటనే అడ్డుపడి, కాదు, మాది అన్నాడు.

సన్యాసమ్మ రేకుపెట్టె తెరిచి రెండు ఉత్తరాలూ తీసింది. ఎవరిది వాళ్ళకి ఇచ్చి పైకి చదవమంది. ఇద్దరూ చదివారు. గుమాస్తా పొరపాటు, ఇవాళే రద్దు చేయిస్తాను అన్నాడు కేంద్రం అధికారి.

"రద్దు సెయ్యండి దాదా. మీదేనని రాసియ్యండి," అంది సన్యాసమ్మ, తనూ బెంగాలీలోనే. "నేల మీదేనంటే గొయ్యీ మీదే. గొయ్యి మీదేనంటే నా పెనిమిటి సావూ మీదే. రెండూ ఒకే కాయితం మీద రాసి సంతకం పెట్టండి. కొట్టు ఇప్పుడే తీసీస్తాను."

మాది మాది అన్న ఇద్దరిలో ఎవరూ కలం తియ్యలేదు. అప్పుడామె పెట్టె అడుగు నుంచి కొత్త టేపు తీసింది. ఏడేళ్ళ కిందట, దినకర్మలు అయిన మర్నాడు కొని దాచుకున్నదట.

"అప్పుడు మీవోళ్ళు కొలిచినారు. తేల్లేదు. ఇయ్యాల నా ముందల కొలండి."

సందంతా చుట్టూ మూగింది. దారి వదిలేవాళ్ళు లేరు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని వానలో నిలబడ్డారు. ఏ అంగుళం చెప్పినా చావు ఎవరో ఒకరి మెడకు చుట్టుకుంటుంది. అందుకని ఇద్దరూ నోరు విప్పలేదు. సన్యాసమ్మ పీట వేసుకుని, సుజన ఫోను చేతిలో పట్టుకుని టైము చూస్తూ కూర్చుంది. ఇడ్లీ కావాలా అని కూడా అడగలేదు.

సరిగ్గా నలభై నిమిషాలయ్యాక లేచి టేపు లాక్కుంది.

"ఇంక ఎల్లండి," అంది.

వాళ్ళు వెళ్ళారు. రోడ్డు ఆగిపోయింది. కడుపు చల్లబడిందా అని అడిగాను. చల్లబడాలనే నేనూ కోరుకున్నాను.

"లేదమ్మా," అంది టేపు తుడిచి పెట్టెలో పెడుతూ. "అప్పుడు నా పెనిమిటికి ఊపిరాడుతుండగా కొలిచినారు. ఇయ్యాల ఈళ్ళు వానలో నిలబడ్డారంతే."