కోటలో గుంట

మలేసియాలో సుంగై సిపుట్‌లోని ఓ టీ కొట్టులో నా బల్ల దగ్గరే కూర్చున్న అన్నాచెల్లెళ్ళు తెలుగులో పోట్లాడుకుంటున్నారు. అన్న సింహాచలానికి మోటార్‌సైకిళ్ళు బాగుచేసే షెడ్డుంది. చెల్లెలి పేరు రమణమ్మ. గొడవంతా కొత్తగా వచ్చిన ఒక రాజుల సినిమా గురించి. వాళ్ళు సినిమాని 'పడం' అంటారు. పాత సినిమాకు ముందు జరిగిన కథ అది. నేనూ చూశాను. హైదరాబాద్ నుంచి వచ్చానని తెలియగానే తీర్పు నన్నే చెప్పమన్నారు.

"ఇందులో కోటలో గుంట ఉంది కద బాబూ, పాత పడంలో లేదు. ఏటైపోనాది?" అంది రమణమ్మ.

శత్రువుల కోసం కోట వాకిట్లో తవ్వించిన గుంట నాకు బాగా గుర్తుంది. "తర్వాత పూడ్చేసి ఉంటారండీ," అన్నాను.

ఇద్దరూ నా వైపు అదోలా చూశారు.

"పూడ్చేసినారా? రాజు అంత ముద్దు సేసిన గుంటని?" అంది రమణమ్మ.

గుంటను ముద్దు చేయడమేమిటో నాకు అంతుపట్టలేదు. అయినా తగ్గలేదు. "గుర్రాలు పడిపోతాయి కదా. మట్టి పోసి చదును చేసుంటారు."

రమణమ్మ చేతిలోని రోటీ ముక్క జారిపోయింది. "పసిగుంట బాబూ! రాజు మేనకోడలు!"

వాళ్ళ తాతలు శ్రీకాకుళం నుంచి రబ్బరు తోటలకు తెచ్చుకున్న తెలుగులో గుంట అంటే ఆడపిల్లట.

"ఇండియా నుంచి వచ్చినారు, తెలుగు రాదేటి లా!" అని, మలేసియా వాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా అనేసి, సింహాచలం పడీపడీ నవ్వాడు.

రమణమ్మ నవ్వలేదు. "మరా గుంట ఏటైపోనాది?" అంది మళ్ళీ.

తవ్విన గుంట గుర్తుంది గానీ, మేనకోడలెవరో ఎంత ఆలోచించినా తట్టలేదు. సినిమా తీసినవాళ్ళలాగే నేనూ ఆ పిల్లని మరిచిపోయాను.